మూతి మీద పొక్కు

ఈ సావనీరుకు పాత విద్యార్థిగా నాలుగు పేజీలు రాసిమ్మని మన యూనియన్ కార్యదర్శి ఫోన్ చేశాడు. "ఏ విషయం మీద రాస్తారు సార్?" అని వినయంగా అడిగాడు. "మూతి మీద లేచే పొక్కుల మీద" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. లైను తెగిందేమో అనుకున్నాను. చివరికి, "హాస్యవ్యాసమా సార్?" అన్నాడు. సగం దాకా హాస్యమే బాబూ, రాసి పంపిస్తాను, తర్వాత నీ ఇష్టం అన్నాను.

మా రోజుల్లో సావనీరంటే ముందు పెద్దల సందేశాలు, తర్వాత 'విద్యార్థి - సమాజం' అని ఒక వ్యాసం, వెన్నెల మీద మూడు గేయాలు, చివర కిళ్ళీకొట్టు వాడి శుభాకాంక్షలు. పొక్కుల మీద ఎవరూ రాసిన పాపాన పోలేదు. అయితే హాస్టల్లో ఉన్న రెండేళ్ళలో వెన్నెల గురించి మాట్లాడుకున్న దానికంటే పొక్కుల గురించి మాట్లాడుకున్నదే ఎక్కువని నా వాళ్ళెవరైనా ఒప్పుకుంటారు. ఇరవై ఏళ్ళ వాడికి వీపు మీద పుండు లేస్తే అది పుండు. మూతి మీద లేస్తే అది పరువు సమస్య.

1978 నుంచి 80 వరకు నేను వాల్తేరులో ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం చదివాను. నా ప్రత్యేక విషయం మొక్కల తెగుళ్ళు. ఆకు మీద మచ్చ ఏ రంగులో ఉంది, అంచు ఎలా ఉంది, చుట్టూ పసుపు వలయం ఉందా లేదా అని చూసి ఇది ఫలానా శిలీంధ్రం పని, ఇది ఫలానా బాక్టీరియా పని అని చెప్పడం మా చదువు. వేరుశనగ ఆకు మచ్చ మీద నేను అప్పట్లో గంటసేపు ఆపకుండా మాట్లాడగలిగేవాణ్ణి. జేబులో ఎప్పుడూ ఒక చేతి లెన్సు ఉండేది, పది రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. పెన్ను మరిచిపోయిన రోజులున్నాయి గాని లెన్సు మరిచిపోయిన రోజు లేదు. ఈ లెన్సు సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

1979 మార్చిలో వార్షికోత్సవం. నాటకంలో నాది ముఖ్య పాత్ర. ఎర్రటి ఎండలో రిహార్సల్సు చేసీ చేసీ, సరిగ్గా ఆరు రోజుల ముందు జ్వరం తగిలింది. మూడో నాటికి జ్వరం తగ్గింది. ఆ రాత్రి పై పెదవి కుడి చివర చిమచిమమని ఒకటే దురద, మంట. చీమ కుట్టిందనుకుని పడుకున్నాను. తెల్లారి అద్దంలో చూసుకుంటే ఆవగింజలంత నీటిపొక్కులు ఆరేడు గుత్తుగా కూర్చున్నాయి. సాయంత్రానికి అవన్నీ కలిసిపోయి పెదవి వంకర తిరిగింది.

ఇక హాస్టలంతా వైద్యులే. నా గది మిత్రుడు గోదావరి వాడు. "వేడి చేసిందిరా, ఆవకాయ మానెయ్, మజ్జిగ తాగు" అన్నాడు. మన తెలుగు వాళ్ళకు పుట్టిన రోగాల్లో ముప్పాతిక వంతు వేడి చెయ్యడం వల్లే వస్తాయి కదా. మెస్సు వంటాయన నన్ను వెలుతురులోకి తిప్పి చూసి, రాత్రి నిద్రలో సాలీడు ఉచ్చ పోసిందని తేల్చాడు. వాచ్‌మన్ దిష్టి అన్నాడు, నాటకంలో వేషం వచ్చింది కాబట్టి తప్పకుండా దిష్టేనట. తేనెలో వెలిగారం కలిపి రాయమన్నాడు ఒకడు. టూత్‌పేస్టు రాయమన్నాడు ఇంకొకడు. రాశాను కూడా. ఆ మంట ఇప్పటికీ గుర్తుంది. గుంటూరు మిత్రుడొకడు మాత్రం అందరి ముందూ, "ఒరేయ్, నిజం చెప్పు, ఎవర్ని ముద్దు పెట్టుకున్నావ్?" అన్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వబోయాను గాని పెదవి సాగలేదు.

నవ్వులాటకు అన్న మాట మధ్యాహ్నానికి రెండో బ్లాకు చేరింది, రాత్రి భోజనాల వేళకు సుఖవ్యాధి అయి తిరిగొచ్చింది. మర్నాడు మెస్సులో నా ముందు ఒక సొట్ట గ్లాసు పెట్టారు. దాన్ని విడిగా కిటికీ మీద బోర్లించేవారు. ఎవరూ ఏమీ అనలేదు. గ్లాసే అంది.

ఊళ్ళో ఒక డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన నా మొహం వైపు రెండు సెకన్లు చూసి, ఊదారంగు మందు దూదితో అద్ది, పసుపుపచ్చని బి కాంప్లెక్సు మాత్రలు రాసి పంపించారు. జెన్షన్ వయొలెట్ అంటారు ఆ ఊదా మందుని. పూసిన చోటు వారం దాకా వదలదు. వార్షికోత్సవం నాడు రంగు పూసే ఆయన దాని మీద మందంగా తెల్లరంగు మెత్తాడు. రెండో రంగం మధ్యలో లైట్ల వేడికి అది కరిగి జారింది. మొదటి వరసలో లెక్చరర్లు, వెనక మూడు వందల మంది కుర్రాళ్ళు. నేను కన్నీళ్ళతో చెప్పాల్సిన డైలాగు మొదలుపెట్టగానే గ్యాలరీ నుంచి ఒక గొంతు, "నేరేడుపండూ!" అంది. నలభై ఏళ్ళు దాటినా నా బ్యాచి వాళ్ళు ఇప్పటికీ అలాగే పిలుస్తారు. పోయినేడు పాత విద్యార్థుల సమావేశంలో, నా మనవరాలి ముందు పిలిచారు.

ఆ పొక్కు పదో రోజుకు ఎండి చెక్కు కట్టి, మచ్చ కూడా లేకుండా పోయింది. ఊదా మందు వల్ల కాదు, మాత్రల వల్లా కాదు. అది పోవలసిన సమయానికి పోయింది. జ్వరప్పొక్కు అని మన వాళ్ళు అనే మాటే అన్నింటికంటే సత్యానికి దగ్గర. దాని కారణం హెర్పిస్ సింప్లెక్స్ అనే వైరసు. సాధారణంగా చిన్నప్పుడే, ఇంట్లో పెద్దవాళ్ళ ముద్దుల్లోంచో ఎంగిలిలోంచో ఒంట్లోకి వస్తుంది. వచ్చాక ఇంక పోదు. పుర్రె లోపల, అడుగు భాగాన, ముఖానికి స్పర్శ తెలిపే నరాల ముడి ఒకటి ఉంది, అందులో పడుకుంటుంది. జ్వరం, ఎండ, నిద్రలేమి, పరీక్షల దిగులు తగిలినప్పుడు లేచి, అదే నరం వెంట అదే చోటికి వస్తుంది. 2020 లెక్కల ప్రకారం ప్రపంచంలో యాభై ఏళ్ళ లోపు వాళ్ళలో దాదాపు 64 శాతం మందిలో ఈ మొదటి రకం వైరసు ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అంటే ఆ నాడు నా గ్లాసు వేరు చేసిన వాళ్ళలో చాలామంది నరాల్లోనూ అది హాయిగా నిద్రపోతూనే ఉండి ఉంటుంది. వాళ్ళకు లేవలేదు, నాకు లేచింది.

నిజం చెప్పాలి కాబట్టి ఇంకో మాట. గ్లాసు వేరు చెయ్యడం శాస్త్రం ప్రకారం తప్పు కాదు. పొక్కు పచ్చిగా ఉన్నప్పుడు అది అంటుతుంది. ఆ రోజుల్లో తువ్వాలు, గ్లాసు, బ్లేడు పంచుకోకూడదు, గిల్లిన వేలితో కళ్ళు నులుముకోకూడదు, ముఖ్యంగా పురిటి బిడ్డను ముద్దు పెట్టుకోకూడదు. నెల లోపు పసికందుకు ఇది ప్రాణం మీదికి తెస్తుంది. నన్ను బాధపెట్టింది గ్లాసు కాదు, ఎందుకో చెప్పకుండా పెట్టడం. 1988లో నోబెల్ బహుమతి అందుకున్న గెర్‌ట్రూడ్ ఎలియన్ పరిశోధన బృందం నుంచి వచ్చిన ఎసైక్లోవిర్ అనే మందు ఇప్పుడుంది. చిమచిమ మొదలవగానే డాక్టరును అడిగి వాడితే ఒకటి రెండు రోజులు తగ్గుతుంది. పొక్కు పండిపోయాక వాడితే పెద్దగా ప్రయోజనం లేదు.

నా నేరేడుపండు పుణ్యమా అని నాకు ఇతరుల మూతులు చూసే అలవాటు అయింది. మా వరండాలోనే ఎన్ని రకాలో! కర్నూలు నుంచి వచ్చిన మిత్రుడొకడికి నోటి మూలలు రెండు వైపులా చిట్లి ఉండేవి. నవ్వితే రక్తం చిమ్మేది. అందుకని చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాడు, అది వాడి సంస్కారం అనుకునేవాళ్ళం. వాడికి ఆ డాక్టరు గారి పసుపు మాత్రలు నేను కొన్ని ఇచ్చాను. పది రోజుల్లో మూలలు అతుక్కుని, వాడు మొదటిసారి చేతులు కిందికి దించి నవ్వాడు. నాకు పనికిరాని మందు వాడికి రామబాణం. మా మెస్సు భోజనం సంగతి తెలిసిన వాళ్ళకు కారణం చెప్పక్కర్లేదు: బాగా పాలిష్ పట్టిన బియ్యం, కందిపప్పు అడుగున వెతుక్కోవలసిన సాంబారు, పాల కంటే నీళ్ళకే దగ్గర చుట్టమైన మజ్జిగ. పాలు, గుడ్లు, పప్పులు, ఆకుకూరలు లేని తిండిలో రైబోఫ్లేవిన్ అనే బి విటమిన్ తక్కువవుతుంది, నోటి మూలలు పగులుతాయి. దీన్ని పట్టుకున్న వాళ్ళలో మన దేశంలో పనిచేసిన వాళ్ళు కూడా ఉన్నారు. కూనూరులో పోషకాహార పరిశోధనలు నడిపిన ఆక్రాయిడ్, ఆయన సహచరుడు కృష్ణన్ 1936లోనే నోటి పగుళ్ళకూ ఈ విటమిన్ లోపానికీ సంబంధం చూపించారు. ఆ కూనూరు సంస్థే 1958లో హైదరాబాదు తార్నాకకు తరలి వచ్చి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది.

ఈ విటమిన్‌కు ఎండ పడదు. పాలను గాజు సీసాలో ఎండలో పెడితే చాలావరకు పోతుంది. మాత్ర వేసుకున్న నాడు మూత్రం పచ్చని పసుపు రంగులో వచ్చేదీ ఇదే. ఆ రంగు చూసి మా బ్లాకులో ఒకడు కామెర్లని ఇంటికి టెలిగ్రాం ఇచ్చాడు, వాళ్ళ నాన్న గారు పాపం పరుగున వచ్చారు కూడా. అయితే నోటి మూల పగిలిన ప్రతివాడికీ ఇదే కారణం కాదు. మాటిమాటికీ పెదవులు తడుపుకునే వాళ్ళకు ఆ తడిలో శిలీంధ్రం చేరుతుంది. రక్తహీనత ఉన్నవాళ్ళకు వస్తుంది. పళ్ళు పోయి మూతి ముడుచుకున్న ముసలివాళ్ళకు వస్తుంది. మాత్రలు మింగినా తగ్గకపోతే రక్తం పరీక్ష చేయించుకోవాలి గాని ఇంకో డబ్బా మాత్రలు కొనకూడదు.

హైదరాబాదు నుంచి వచ్చిన ఇంకొకడు పై పెదవి మీద రవ్వంత పసుపు చుక్కలు వరసగా ఉన్నాయని స్కాలర్‌షిప్పు డబ్బులో సగం క్రీములకు తగలేశాడు. అవి రోగమే కావు, పుట్టుకతో ఉండే నూనె గ్రంథులు, వయసుతో కాస్త బయటికి కనిపిస్తాయి. పది మందికి ఒకే కత్తితో గడ్డం గీసే రోజులు కదా, గడ్డం కింద చీముపొక్కులు లేనివాడు అరుదు. పిల్లల్లో అయితే మూతి చుట్టూ తేనె రంగు చెక్కు కట్టే పుండ్లు బాక్టీరియా వల్ల వస్తాయి, ఒక పిల్లాడికి వస్తే వీధి బడి మొత్తానికి అంటుతాయి. ఇక మామిడికాయ సొన సంగతి మీకు చెప్పాలా? కాయ తొడిమ తుంచి, సొన తుడవకుండా కొరికిన ప్రతి పిల్లకూ వేసవిలో మూతి చుట్టూ మీసం గీసినట్టు పొక్కులే. అమ్మ తిడుతుంది, నూనె రాస్తుంది, మర్నాడు మళ్ళీ చెట్టు కిందే.

ఈ మధ్య రోజుల్లో నన్ను అన్నింటికంటే ఇబ్బంది పెట్టింది మా అమ్మాయి విషయం. 2011లో పెళ్ళిచూపుల ముందు గడ్డం మీద నాలుగు మొటిమలు వస్తే, మందుల షాపులో అడిగి ఒక తెల్లని ట్యూబు కొనుక్కుంది. రెండు రోజుల్లో మొహం అద్దంలా అయింది. మానేస్తే మూడో రోజు మళ్ళీ వచ్చాయి, ఈసారి మూతి చుట్టూ ఎర్రటి సన్నని పొక్కులు, పెదవి అంచు దగ్గర మాత్రం సన్నని గీతంత చోటు ఖాళీ. మళ్ళీ రాసింది, మళ్ళీ తగ్గాయి. అలా ఎనిమిది నెలలు. చర్మవ్యాధుల డాక్టరు ఆ ట్యూబు తీసుకుని చెత్తబుట్టలో వేసింది. అది స్టెరాయిడ్. తగ్గించేదీ అదే, పుట్టించేదీ అదే. మానెయ్యగానే ముందు రెండు మూడు వారాలు ఇంకా ఎక్కువవుతుంది, ఓర్చుకోమంది. ఓర్చుకుంది, తగ్గింది. ఇలాంటి పధ్నాలుగు స్టెరాయిడ్ లేపనాలను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2018లో ఉత్తర్వు ఇచ్చింది. ఉత్తర్వు కాగితం మీద ఉంది. షాపుకు వెళ్ళి తెల్లబడే క్రీము అని అడిగి చూడండి, ఏం చేతిలో పెడతారో.

సరే, హాస్యం అయిపోయింది.

మా ఊరు శ్రీకాకుళం జిల్లాలో, నౌపడకు సముద్రం వైపు. ఉప్పు కొఠార్ల ఊరు. మా నాన్న తల్లిని మేము మామ్మ అంటాం. నలభై ఏళ్ళు కొఠార్లలో ఉప్పు పోగులు లాగి, తట్టలు మోసి, మా నాన్నని ఎస్సెల్సీ దాకా చదివించింది. ఆ వెనకాల నేను వాల్తేరు దాకా వచ్చాను. మామ్మ చుట్ట తాగేది. మా వైపు ఆడవాళ్ళు తాగే పద్ధతి తెలియని వాళ్ళు చూస్తే హడలిపోతారు: వెలిగించిన నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పెదవులు మూస్తారు. అడ్డపొగ అంటారు. కొఠార్లలో సముద్రపు గాలికి బయట నిప్పు నిలవదు, నోట్లో అయితే ఆరదు. చుట్ట ఎక్కువసేపు వస్తుంది, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. మామ్మ వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుంది. నిప్పు నోట్లో పెట్టుకునే మామ్మతో మాట్లాడుతూ పెరిగిన నాకు అది వింతని వాల్తేరు వచ్చాకే తెలిసింది.

1979 వేసవి సెలవులకు ఇంటికి వెళ్ళాను. నౌపడ స్టేషను నుంచి ఎండలో నడిచి వెళ్ళానేమో, రెండో రోజుకే పెదవి మీద అదే చోట మళ్ళీ గుత్తు లేచింది. అద్దం పట్టుకుని వసారాలో కూర్చున్నాను. మామ్మ వచ్చి ఎదురుగా చతికిలబడింది.

"ఏటిరా నాయినా, ఆ మూతికేటయ్యింది?"

"జొరం పొక్కులే మామ్మా. చచ్చే మంట."

"నాకూ ఉందిరా ఓ పుండు. నీ పుండంత సోకైంది కాదనుకో."

నోరు తెరిచి, వేలు పైకి పెట్టి చూపించింది. అంగిట్లో. నేను అద్దం దించకుండానే ఓసారి చూశాను. లోపల చీకటి, తెల్లగా ఏదో గరుకుగా ఉన్నట్టుంది.

"నొప్పుందా?"

"నొప్పుంటే ఊరుకుందునా? ఏటీ నేదు. బువ్వ తింటంటే గరుగ్గా తగుల్తాది, అంతే."

నొప్పి లేదనగానే నా మనసు తేలికపడింది. నొప్పి ఉన్నది నాకు కదా! కర్నూలు వాడి నోటి మూలలు ఎలా మానాయో గుర్తొచ్చింది. పెట్టెలోంచి మాత్రల పొట్లం తీశాను. ఇరవై మాత్రలు. రోజుకొకటి వేసుకో మామ్మా, నోటి పుళ్ళకు ఇంతకన్నా మందు లేదు అన్నాను. ఎమ్మెస్సీ చదివే మనవడి చేతి మందు. మామ్మ రెండు చేతులూ పట్టి తీసుకుని కళ్ళకద్దుకుంది.

ఆ పూట నా జేబులో లెన్సు ఉంది. ఆకు మీద మచ్చ కనిపిస్తే మేం మొట్టమొదట రాసుకునేది అది ఎన్నాళ్ళుగా ఉంది, పెరుగుతోందా అనేదే. ఆ ప్రశ్న మామ్మని నేను అడగలేదు.

దసరాకు ఇంటికి వెళ్ళలేదు, ప్రాక్టికల్సు. 1980 సంక్రాంతికి వెళ్ళేసరికి మామ్మ సగమైంది. చోడి అంబలి తాగుతుంటే ముక్కులోంచి వచ్చింది. సిగ్గుపడి అటు తిరిగి తుడుచుకుంది. అమ్మ నన్ను పక్కకు పిలిచి, రెండు నెలల్నుంచీ ఇంతే, ఎవరికీ చెప్పనియ్యదు, నీ మందుతో తగ్గిపోతాదంటాది అంది. ఆ రాత్రే బయల్దేరి విశాఖ పెద్దాసుపత్రికి తెచ్చాం.

డాక్టరు లైటు వేసి చూశారు. చాలాసేపు చూశారు. "ఎన్నాళ్ళ నుంచి ఉందమ్మా?" అన్నారు.

"రెండేళ్ళు దాటింది బాబూ."

"ఏమైనా మందు వాడారా?"

"మా మనవడిచ్చాడు. పెద్ద సదువు సదివాడు బాబూ మనవడు" అని నన్ను చూపించింది.

ఏం మందు అని ఆయన నా వైపు తిరిగి అడిగారు. చెప్పాను. ఆయన ఏమీ అనలేదు, తల దించుకుని చీటీ మీద రాసుకున్నారు. అంటే బాగుండేది.

అది అంగిలి క్యాన్సరు. ఎముకను తిని ముక్కులోకి దారి చేసింది. కరెంటు పెట్టడం అని మా వాళ్ళు అనే రేడియేషను చికిత్స చేశారు. కొంత ఉపశమనం కలిగింది, అంతే. ఆ ఏడు శ్రావణమాసంలో మామ్మ పోయింది. కర్మ అయ్యాక అమ్మ మామ్మ చుట్టల డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. అడుగున గుడ్డలో చుట్టి ఆ పొట్లం ఉంది. లెక్కపెట్టాను. పదమూడు వేసుకుంది, ఏడు మిగిలాయి.

"ఆరోగ్యం బాలేకనా ఆపేసింది?" అన్నాను.

"కాదు. పరీచ్చలప్పుడు నీకు మళ్ళీ లేస్తాది, పట్నంలో మందు దొరకదేమో అని దాచింది" అంది అమ్మ.

1986లో లెక్చరరుగా పనిచేస్తున్నప్పుడు ఒక వైద్య కళాశాల లైబ్రరీలో వేరే పని మీద పాత సంపుటాలు తిరగేస్తుంటే, 1971 నాటి బ్రిటిష్ క్యాన్సర్ పత్రిక ఒకటి కంటపడింది. డెన్మార్క్ దేశపు పింబోర్గ్, బొంబాయి టాటా పరిశోధన సంస్థకు చెందిన మెహతా, మరి కొందరు కలిసి రాసిన వ్యాసం. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్ళు తెరిపించి చూశారు. అడ్డపొగ తాగేవాళ్ళ అంగిలి ఎలా తెల్లబడుతుందో, ఎక్కడ ఎర్రబడుతుందో, ఎక్కడ పుండు పడుతుందో అందులో ఉంది. ఎవరో దేశం కాని దేశం వాళ్ళు వచ్చి మా జిల్లా ముసలమ్మల నోళ్ళలోకి దీపం పెట్టి చూశారు, నేను మామ్మకు మాత్రలు ఇచ్చేందుకు కనీసం ఎనిమిదేళ్ళ ముందు. ఆ లైబ్రరీలో ఎంతసేపు కూర్చున్నానో తెలియదు, అటెండరు వచ్చి ఫ్యాను ఆపేస్తే లేచాను.

మంట పెట్టి, నీళ్ళు కారి, నాలుగు రోజులు మనిషిని ఏడిపించే పొక్కుల్లో చాలావరకు పది పదిహేను రోజుల్లో వాటంతట అవే పోయేవే. నొప్పి లేదు కదా అని ఊరుకునే పుండు, గట్టిగా తగిలే గడ్డ, తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ - పెదవి మీద గాని నోట్లో గాని - మూడు వారాలు దాటి ఉంటే మాత్రం డాక్టరు లైటు వేసి చూడవలసిందే. చుట్ట, బీడీ, గుట్కా, ఖైనీ అలవాటున్న వాళ్ళయితే ఇంకా ముందే. మన హాస్టళ్ళలో గుట్కా పొట్లాలు కిటికీల కింద ఎన్ని పడి ఉంటాయో ఊడ్చే వాళ్ళనడిగితే చెబుతారు. మెలికలు తిరిగి చెప్పడం నాకు రాదు, అందుకే ఇలా రాశాను.

పోయిన వేసవిలో ఊరెళ్ళాను. మా పక్కింటి వీరమ్మ పిన్నికి ఇప్పుడు ఎనభై దాటాయి. వసారాలో కూర్చుని ఉంది, మూతి రెండు వైపులా ఎర్రగా పొక్కులు. నా గుండె జారింది. పిన్నీ ఎన్నాళ్ళయింది అన్నాను.

"ఏటెన్నాళ్ళు! మొన్న మీ పెరట్లో రాలిన కాయ కొరికాను, సొన తగిలింది."

"సరే, నోరు తెరు."

"కాయ కొరికితే నోరెందుకురా?"

ఫోను టార్చి వేసి పట్టుకున్నాను. పిన్ని నా వైపు వింతగా చూసి, నవ్వి, చుట్ట పక్కన పెట్టి నోరు తెరిచింది.